అమానతుకు కట్టుబడిన మంత్రి: ఖ్వాజా మహమూద్ గవాన్



నేడు రాజమహేంద్రవరం అని పిలుచుకుంటున్న మన రాజమండ్రి దాదాపు ఐదున్నర శతాబ్దాల క్రితం ఒక సరిహద్దు కోట. గోదావరికి ఒక పక్క ఒరిస్సా గజపతుల ఏనుగులు, మరో పక్క బీదర్ బహమనీ సుల్తానుల గుర్రాలు. ఈ కోట చేతులు మారిన ప్రతిసారీ డెల్టా పల్లెల రైతులే నలిగిపోయారు. ఆ రోజుల్లో బహమనీ రాజ్యపు పగ్గాలు పట్టి నడిపిన మంత్రి ఖ్వాజా మహమూద్ గవాన్ (రహ్మలై). గుర్రాల వర్తకుడిగా మన దేశానికి వచ్చి, ఒక మహా రాజ్యపు అశ్వదళాన్ని క్రమంలో పెట్టి, చివరికి ఒక దొంగ ఉత్తరానికి బలైపోయిన ఆయన జీవితంలో మనకు ఎన్నో పాఠాలు ఉన్నాయి. ఈ నెల ఆ జీవితాన్ని ఒకసారి తెలుసుకుందాం.

యుద్ధంలో గుర్రం విలువ

పూర్వకాలపు యుద్ధాలలో గుర్రం అంటే వేగం. కాలిబంట్లు రోజంతా నడిచే దూరాన్ని రౌతు కొద్ది గంటల్లో దాటేస్తాడు. శత్రువు ఎక్కడ ఉన్నాడో చూసి రావడం, అతని పక్కల మీద, వెనుక భాగం మీద హఠాత్తుగా పడటం, అతనికి వచ్చే ధాన్యాన్ని దారిలో ఆపేయడం, ఓడి పారిపోతున్న వారిని తరమడం ఇవన్నీ అశ్వదళం పనులు. మొదట్లో గుర్రాలను రథాలకు కట్టేవారు. తర్వాత మనిషి నేరుగా గుర్రం ఎక్కి పోరాడటం నేర్చాడు. గట్టి జీను, పాదాలకు ఆధారంగా రికాబు వచ్చాక రౌతు బల్లెం, విల్లు, కత్తి స్థిరంగా వాడగలిగాడు.

దివ్యఖుర్ఆన్‌లోని ఆదియాత్ సూరా పరుగెత్తే గుర్రాల ప్రస్తావనతోనే మొదలవుతుంది. ఆ వెంటనే మానవుడు తన ప్రభువు పట్ల ఎంత కృతఘ్నుడో ఆ సూరా గుర్తు చేస్తుంది. బద్ర్ యుద్ధంలో (క్రీ.శ. 624) మూడు వందల పైచిలుకు ముస్లింల దగ్గర ఉన్నవి రెండే గుర్రాలు. అయినా అల్లాహ్ వారికి విజయం ప్రసాదించాడు. మరుసటి ఏడాది ఉహుద్‌లో దైవప్రవక్త (స) ఒక గుట్ట మీద 50 మంది విలుకాండ్రను నిలబెట్టి, ఏమైనా సరే ఆ చోటు వదలవద్దని ఆజ్ఞాపించారు. గెలుపు వచ్చేసిందనుకొని వారిలో ఎక్కువ మంది గుట్ట దిగిపోయారు. అప్పటికి ఇంకా ఇస్లాం స్వీకరించని హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి) ఆ ఖాళీ చోటును చూసి ఖురైషుల అశ్వదళంతో వెనుక నుండి చుట్టుముట్టారు. గెలిచిన యుద్ధం తారుమారైంది.

ఈ సంఘటనను మనం మనసులో ఉంచుకోవాలి. కాపలాదారు ఒక్క చోటు వదిలితే చాలు, శత్రువు గుర్రం అక్కడి నుండే లోపలికి వస్తుంది. మహమూద్ గవాన్ గారి విషయంలో కూడా ఇలాంటి ఒక చోటే ఖాళీగా మిగిలింది.

వర్తకుడు మంత్రి అయ్యాడు

ఆ కాలంలో మన ప్రాంతపు ప్రజలు ముగ్గురు పెద్ద ప్రభువుల గురించి చెప్పుకునేవారు. ఒరిస్సా రాజు గజపతి, అంటే ఏనుగులకు అధిపతి. విజయనగర రాజు నరపతి, అంటే మనుషులకు అధిపతి. సుల్తాను అశ్వపతి, అంటే గుర్రాలకు అధిపతి. అయితే మంచి యుద్ధపు గుర్రం దక్కనులో పుట్టి పెరిగేది కాదు. అరేబియా నుండి, పారశీక తీరంలోని హుర్ముజ్ రేవు నుండి ఓడల మీద రావలసిందే. సముద్రంలోనే కొన్ని చనిపోయేవి. బతికి వచ్చిన గుర్రానికి ధర విపరీతంగా ఉండేది. ఆ రోజుల్లో బీదర్ వచ్చిన నికితిన్ అనే రష్యా వర్తకుడు కూడా అమ్ముకోవడానికి ఒక గుర్రాన్నే వెంట తెచ్చుకున్నాడు. ఇక్కడ గుర్రాలకు పప్పుధాన్యాలు పెడతారనీ, కిచిడీ వండి తినిపిస్తారనీ అతను రాసుకున్నాడు.

మహమూద్ గారు 1411 ప్రాంతంలో ఇరాన్ దేశంలో, కాస్పియన్ సముద్ర తీరంలోని గీలాన్‌లో జన్మించారు. ఆయన పూర్వీకులు అక్కడి పాలకుల కొలువులో మంత్రులు. దర్బారు కుట్రల వల్ల ఆయన స్వదేశం వదిలి వ్యాపారంలోకి దిగారు. దేశదేశాలు తిరిగారు, పండితుల సన్నిధిలో కూర్చున్నారు. 1453లో, నలభై ఏళ్లు దాటిన వయసులో, అరబ్బీ గుర్రాలు, పట్టుబట్టలు, ముత్యాల వంటి సరుకుతో కొంకణ తీరంలోని దాభోల్ రేవులో దిగారు. బీదర్‌లో ఉన్న షా ముహిబ్బుల్లాహ్ అనే ధర్మపరాయణుణ్ణి దర్శించుకొని వెళ్లిపోవాలన్నది ఆయన ఉద్దేశం. కాని సుల్తాను రెండవ అహ్మద్ ఆయన వివేకాన్ని గుర్తించి కొలువులో ఉంచుకున్నాడు. తర్వాతి సుల్తాను హుమాయూన్ ఆయనకు మలికుత్తుజ్జార్, అంటే వర్తకులకు రాజు, అనే బిరుదు ఇచ్చాడు.

1461లో హుమాయూన్ మరణించాడు. సింహాసనం మీద చిన్న పిల్లవాడు కూర్చున్నాడు. రాజమాత నర్గిస్ బేగం, ఖ్వాజా జహాన్ తుర్క్, మహమూద్ గవాన్ ముగ్గురూ కలిసి రాజ్యభారం మోశారు. పిల్లవాడు రాజయ్యాడని తెలిసి పొరుగు రాజులు మీద పడ్డారు. మాళవ సుల్తాను మహమూద్ ఖిల్జీ బహమనీ సైన్యాన్ని ఓడించి బీదర్ పట్టణంలోకి చొచ్చుకొచ్చాడు. మహమూద్ గవాన్ గుజరాత్ సుల్తాను సహాయం కోరారు. అక్కడి నుండి వచ్చిన రౌతులను ఆయన ఎదురుపోరులో ఖర్చు చేయలేదు. మాళవ సేనకు తిండిగింజలు, గడ్డి వచ్చే దారులన్నీ మూసేశారు. ఆకలికి తాళలేక ఆ సైన్యం అడవి దారుల వెంట వెనుదిరిగింది.

1463లో మూడవ ముహమ్మద్ షా బాల్యంలోనే సుల్తాను అయ్యాడు. 1466లో మహమూద్ గవాన్ ఖ్వాజా జహాన్ బిరుదుతో ప్రధానమంత్రి అయ్యారు.

గుర్రం దిగవలసిన చోటు

తన వృత్తి మీద ప్రేమ ఉన్నవాడు సాధారణంగా దాని హద్దు చూడలేడు. మహమూద్ గవాన్ అలాంటివారు కారు. 1469లో ఆయన కొంకణ దండయాత్రకు బయలుదేరారు. అక్కడ కనుమలు, దట్టమైన అడవులు. గుర్రం తిరగడానికి చోటు లేదు. ఆయన పట్టుదలకు పోకుండా వెంట తెచ్చిన అశ్వదళాన్ని వెనక్కి పంపేశారు. ఆ నేల తెలిసిన కాలిబంట్లను పిలిపించుకున్నారు. వానాకాలం వస్తే కొల్హాపూర్ దగ్గర పాకలు వేయించి సైన్యాన్ని ఆపారు. అలా ఓపికగా ఒక్కొక్క కోటా పట్టి, 1472లో గోవా రేవును స్వాధీనం చేసుకున్నారు. విజయనగరానికి అరబ్బీ గుర్రాలు దిగే ముఖ్యమైన రేవులలో గోవా ఒకటి. గుర్రాల వర్తకుడికి ఆ రేవు విలువ మరొకరు చెప్పనక్కరలేదు.

గోదావరి తీరంలో

దాదాపు అదే కాలంలో ఒరిస్సాలో కపిలేంద్ర గజపతి మరణించగా వారసుల మధ్య తగాదా వచ్చింది. ఆ అదను చూసి బహమనీ సేన రాజమండ్రిని పట్టుకుంది. ఆ సేనకు నాయకుడు మలిక్ హసన్ బహ్రీ. అతను సమర్థుడు, సాహసి. నిజాముల్ముల్క్ బిరుదు పొంది ఈ ప్రాంతానికి అధికారి అయ్యాడు. ఇతని పేరు గుర్తుంచుకోండి.

గోదావరి డెల్టా నేల గురించి మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. దవళేశ్వరం దగ్గర నది గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. వర్షాకాలంలో నల్లరేగడి బురదలో ఎడ్లబండి కదలడమే కష్టం, ఇక జీను, కవచం, రౌతు బరువు మోసే గుర్రం సంగతి ఏమిటి? నది నిండుగా ఉంటే ఎంత గొప్ప అశ్వదళమైనా గట్టు మీద ఆగవలసిందే. ఇలాంటి నేలలో కోటను గుర్రాలతో గెలవవచ్చునేమో గాని, గుర్రాలతో మాత్రమే నిలబెట్టుకోవడం సాధ్యం కాదు. ప్రజల నమ్మకం, నిజాయితీ గల అధికారి కావాలి.

1470ల మధ్యలో దక్కనులో రెండేళ్లపాటు వానలు లేక ఘోరమైన కరువు వచ్చింది. ఆ తర్వాత తీరాంధ్రలో తిరుగుబాటు లేచింది. గజపతి పురుషోత్తముని సేన వచ్చి మలిక్ హసన్‌ను రాజమండ్రి కోటలోనే చుట్టుముట్టింది. సుల్తాను, మహమూద్ గవాన్ బీదర్ నుండి పెద్ద సైన్యంతో తరలివచ్చారు. గజపతి సేన గోదావరి దాటి వెనక్కి తగ్గింది. ఆ తర్వాత సుల్తాను చాలాకాలం ఈ ప్రాంతంలోనే మకాం వేసి ఉన్నాడు. ఒక రకంగా బహమనీ దర్బారు గోదావరి గట్టున కొలువుతీరింది.

ప్రతి గుర్రానికీ లెక్క

అప్పటికి బహమనీ రాజ్యం రెండు సముద్రాల మధ్య విస్తరించింది. కాని లోపల పుచ్చు పట్టింది. రాజ్యంలో నాలుగే పెద్ద రాష్ట్రాలు. ఒక్కో రాష్ట్రాధికారి చేతిలో ఎన్నో కోటలు, వేల గుర్రాలు. ఐదు వందల రౌతులను పోషిస్తామని జీతం తీసుకొని మూడు వందల మందినే ఉంచితే అడిగేవాడు లేడు. మన పెద్దలు గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు. ఇక్కడ గుర్రమే లేదు, దాణా ఖర్చు మాత్రం ఖజానా నుండి పోతోంది!

మహమూద్ గవాన్ దీనిని సరిదిద్దారు. నాలుగు రాష్ట్రాలను ఎనిమిది చేశారు. మన ప్రాంతం రాజమండ్రి, వరంగల్ అని రెండు రాష్ట్రాలైంది. ఒక్కో అధికారి చేతిలో ఒక్క కోటనే ఉంచి, మిగతా కోటలకు సుల్తానే నేరుగా కిల్లేదార్లను నియమించే ఏర్పాటు చేశారు. దళపతుల జీతాలు తగ్గించలేదు, పెంచారు. 500 మంది దళానికి ఏడాదికి ఇచ్చే లక్ష హొన్నులను 1,25,000 చేశారు. 1000 మంది దళానికి 2,50,000 హొన్నులు. కాని లెక్కలో ఒక్క మనిషి తగ్గినా ఆ మేరకు సొమ్ము తిరిగి వసూలు చేసేవారు. కొలువులో రెండు వర్గాలుండేవి. ఇక్కడ స్థిరపడిన దక్కనీలు, విదేశాల నుండి వచ్చిన ఆఫాఖీలు. తాను ఆఫాఖీ అయినప్పటికీ ఆయన పదవులను ఇరువర్గాలకూ సమానంగా పంచారు.

న్యాయం అందరికీ రుచించదు. తెలంగాణ మొత్తం తనదే కావాలని ఆశించిన మలిక్ హసన్‌కు రాజమండ్రి మాత్రమే మిగిలింది. అతని మనసులో పగ మొలిచింది.

రెండు పెట్టెలు

ఇంత అధికారం చలాయించిన మనిషి ఎలా జీవించారో చూడండి. జాగీరు నుండి వచ్చే ఆదాయమంతా సైనికుల జీతాలకు, గుర్రాల, ఏనుగుల పోషణకు పోయేది. దానిని ఆయన రాజుగారి సొమ్ముగానే భావించారు. తాను ఇరాన్ నుండి తెచ్చుకున్న కొద్ది పెట్టుబడితో వ్యాపారం కొనసాగించి, ఆ లాభంలోంచే తన తిండి ఖర్చు తీసుకునేవారు. మిగిలినది పేదల పెట్టెలోకి వెళ్లేది. మట్టి పాత్రలలో తినేవారు. చాప మీద పడుకునేవారు. శుక్రవారం రాత్రులు మారువేషంలో వీధులు తిరిగి పేదలకు పంచేవారు.

1472లో ఆయన బీదర్‌లో మూడు అంతస్తుల మదర్సా నిర్మించారు. దాని గ్రంథాలయంలో దాదాపు 3000 పుస్తకాలు ఉండేవి. విద్యార్థులకు తిండి, వసతి ఉచితం. 1696లో మందుగుండు పేలుడుకు కొంత భాగం కూలిపోయినా, రంగురంగుల పలకల మీనారు నేటికీ నిలిచి ఉంది. మనలో బీదర్ వెళ్లినవారు దానిని చూసే ఉంటారు.

ఖాళీ కాగితం మీద ముద్ర

ఇప్పుడు ఆ ఖాళీగా మిగిలిన చోటు దగ్గరకు వద్దాం. మహమూద్ గారి ముద్ర ఒక సేవకుడి వద్ద ఉండేది. మలిక్ హసన్ వర్గం వారు ఆ సేవకునితో స్నేహం నటించారు. కానుకలు ఇచ్చారు. ఒక రోజు మద్యం తాగించి, మడిచిన ఒక కాగితం ముందు పెట్టి ముద్ర వేయమన్నారు. అతను విప్పి చూడలేదు. లోపల ఏముందని అడగలేదు. ముద్ర వేసేశాడు. లోపల ఏమీ లేదు! ఆ ఖాళీ కాగితం మీద వారు ఒరిస్సా రాజుకు మహమూద్ గవాన్ రాసినట్లుగా ఒక ఉత్తరం రాశారు. సుల్తాను తాగుబోతు, ప్రజలు విసిగిపోయారు, మీరు దండెత్తి రండి, రాజ్యాన్ని పంచుకుందాం అని దాని సారాంశం.

1481 మార్చిలో సుల్తాను ఎంపిక చేసిన రౌతులతో కాంచీపురం మీద మెరుపుదాడి చేసి, ఆలయాల సంపదను కొల్లగొట్టాడు. ధనం కోసం చేసే ఇలాంటి దాడికి ధర్మంలో చోటు లేదు. తిరిగివచ్చి కొండపల్లిలో ఉండగా మలిక్ హసన్ ఆ ఉత్తరాన్ని అతని ముందు పెట్టాడు. సుల్తాను అప్పుడు మద్యం మత్తులో ఉన్నాడు. ఉత్తరం తెచ్చిన మనిషి ఎవరని అడగలేదు. వెంటనే మంత్రిని పిలిపించమన్నాడు.

మిత్రులకు అనుమానం వచ్చింది. ఈ రోజు వెళ్లవద్దన్నారు. తమ రౌతులు సిద్ధంగా ఉన్నారనీ, గుజరాత్ చేరుకోవచ్చుననీ బతిమాలారు. రాజ్యంలోని ప్రతి గుర్రానికీ లెక్క పెట్టిన మనిషి తన ప్రాణం కోసం ఒక్క గుర్రం కూడా ఎక్కలేదు. ఇన్నేళ్లు సేవ చేసిన తాను ఏ తప్పూ చేయలేదనీ, పారిపోతే నేరం ఒప్పుకున్నట్లవుతుందనీ భావించారు.

సుల్తాను ఉత్తరం చూపించాడు. ముద్ర తనదేననీ, రాత తనది కాదనీ ఆయన నిజాయితీగా చెప్పారు. విచారణ లేదు. సాక్షులు లేరు. సుల్తాను జౌహర్ అనే హబ్షీ సేవకుణ్ణి కత్తి దూయమని ఆజ్ఞాపించి లోపలికి వెళ్లిపోయాడు. డెబ్బై ఏళ్లు దాటిన ఆ వృద్ధుడు ఖిబ్లా వైపు తిరిగి కూర్చున్నారు. కలిమా పఠిస్తుండగా కత్తి దిగింది. అది హిజ్రీ 886 సఫర్ 5, అంటే 1481 ఏప్రిల్ 5.

ఆ తర్వాత

సుల్తాను మంత్రి ఖజానా కోసం వెతికించాడు. గుట్టలుగా బంగారం దొరుకుతుందని చాడీకోరులు చెప్పారు. రాజుగారి సొమ్ము పెట్టెలో సైన్యం ఖర్చుకు ఉంచిన కొద్ది మొత్తం కనిపించింది. పేదల పెట్టెలో మిగిలినవి మూడు వందల లారీ నాణాలు. ఆరోపణలు చేసినవారిని ఆ ఉత్తరం మోసుకెళ్లిన వాడెవడో చూపించమంటే చూపించలేకపోయారు. సుల్తానుకు కళ్లు తెరుచుకున్నాయి. కాని తెగిన తల తిరిగి అతకదు కదా! పార్థివ దేహాన్ని గౌరవంగా బీదర్‌కు పంపించాడు. ఆయన సమాధి నేటికీ ఆ పట్టణం వెలుపల ఉంది.

సర్దారులు సుల్తాను గుడారానికి దూరంగా తమ గుడారాలు వేసుకున్నారు. అతని మీద ఎవరికీ నమ్మకం మిగలలేదు. ఏడాది తిరగకుండానే, 1482 మార్చిలో, సుల్తాను మరణించాడు. చివరి ఘడియల్లో మహమూద్ గవాన్ వచ్చి తన గుండె చీలుస్తున్నాడని అరిచాడని చరిత్రకారులు రాశారు. కుట్ర పన్నిన మలిక్ హసన్ ప్రధాని అయ్యాడు, కాని 1486లో అతనూ హత్యకు గురయ్యాడు. కొద్ది సంవత్సరాలకే రాజమండ్రి తిరిగి గజపతుల చేతికి వెళ్ళింది. దక్కను రాజ్యం ఐదు ముక్కలైంది.

గమనించండి. అప్పటికి గుర్రాలు తగ్గలేదు, కత్తులు తగ్గలేదు. తగ్గినది నమ్మకం. రౌతు కొద్దీ గుర్రం అని మన తెలుగు సామెత. పగ్గం పట్టే చేయి తడబడితే ఎంత మేలుజాతి గుర్రమైనా లోయలోనే పడుతుంది.

మనకు పాఠం

ఉహుద్‌లో విలుకాండ్రు గుట్ట వదిలారు. కొండపల్లిలో సేవకుడు ముద్రను వదిలాడు, సుల్తాను విచారణను వదిలాడు. ఎవరైనా ఒక వార్త తెస్తే దానిని పరిశీలించి నిజం తెలుసుకోవాలని, లేకపోతే తెలియక ఇతరులకు హాని చేసి పశ్చాత్తాపపడవలసి వస్తుందని హుజురాత్ సూరా మనకు బోధిస్తుంది. ఆ బోధన పాటించని ఒక్క సాయంత్రం ఒక రాజ్యాన్ని కూల్చింది.

ఇది రాజులకు మాత్రమే సంబంధించిన విషయమా? కాదు. చదవకుండా కాగితం మీద సంతకం చేసేటప్పుడు, సెల్‌ఫోన్‌లో వచ్చిన నిందను నిజమో కాదో చూడకుండా పదిమందికి పంపేటప్పుడు, కోపంలో ఉండగా భార్య మీదో, తమ్ముడి మీదో, పనివాడి మీదో తీర్పు చెప్పేటప్పుడు మనమూ అదే పని చేస్తున్నాం. మన చేతిలోని కలం, మన నోటిలోని మాట, మన వద్ద దాచుకొమ్మని ఎవరో ఇచ్చిన వస్తువు అన్నీ అమానతులే. మద్యం ఒక్కటే మత్తు కాదు. కోపం మత్తే, అసూయ మత్తే, అధికారం మత్తే.

మనకు అప్పగించిన చోటును విడవకుండా కాపాడుకునే స్థిరత్వాన్ని, విన్నదానిని విచారించి మాట్లాడే వివేకాన్ని, ఇతరుల సొమ్మును, గౌరవాన్ని కాపాడే నిజాయితీని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.